దుంపల బస్తాల నింద

నేటా వీబె పడితే తొడ ఎముక విరగలేదు, ఎముక విరిగితే ఆమె పడింది. లిండెన్‌హోఫ్ వృద్ధాశ్రమం వంటగదిలో ఎండుపళ్ళ జావ గిన్నె పొయ్యి మీద నుంచి దించి, పక్క బల్ల మీద పెట్టడానికి నడుము తిప్పింది. అంతే. లోపలెక్కడో ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది. ఆ చప్పుడు తన ఒంట్లోదని తెలిసేలోగా నేల మీద ఉంది. గిన్నె మాత్రం బల్ల మీదికి చేరింది. చుక్క కూడా ఒలకలేదు. కాలు విరిగినా జావ ఒలకనివ్వలేదని ఊళ్ళో ఆడవాళ్ళు చాలా రోజులు చెప్పుకున్నారు. వాళ్ళు మెచ్చుకోలుగానే అన్నారు కాని, నేటాకి ఆ మాట వింటే ఒళ్ళు మండేది.

అప్పటికామెకి యాభై నాలుగేళ్ళు. ఆ వంటగదిలో పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది. ఆదివారం తప్ప రోజూ తెల్లటి బూట్లు వేసుకుని, జుట్టు ముడిచి వల కట్టుకుని, నలభై ఇద్దరు ముసలివాళ్ళకి వండేది. ఆ నలభై ఇద్దరిలో ఆమె అత్తగారు సారా వీబె ఒకతె. సారాకి ఎనభై తొమ్మిదేళ్ళు. చేతులు వణుకుతాయి గనక మధ్యాహ్నం పూట నేటాయే చెంచాతో తినిపించేది.

ఎముకలతో నేటా గొడవ కొత్తది కాదు. నలభై దాటినప్పటి నుంచీ పాదంలో సన్నటి ఎముకలు చిట్లడం మొదలైంది. ఒకసారి తోటలో బీట్‌రూట్ పాదుల మధ్య కలుపు తీస్తుంటే, ఒకసారి చర్చి మెట్లు దిగుతుంటే, మరోసారి ఏ కారణమూ లేకుండానే. చిట్లిన ప్రతిసారీ అది అతుక్కోవడానికి ఆరు నెలలు పట్టేది. బూట్లు మార్చుకోమన్నారు, పాలు తాగమన్నారు, బరువు తగ్గమన్నారు. ఆమె పాలు తాగింది, బూట్లు మార్చింది. తగ్గడానికి ఒంట్లో బరువెక్కడిది?

యాభై ఒకటో ఏట పట్నంలో క్లినిక్ డాక్టరు ఎముకల సాంద్రత పరీక్ష చేయించాడు. బల్ల మీద పడుకుంటే పైన ఒక చెయ్యిలాంటి యంత్రం మెల్లగా అటూ ఇటూ తిరిగింది. ముట్లుడిగిన ఆడవాళ్ళకి ఎముకలు గుల్లబారడం మామూలేననీ, వారానికొక మాత్ర వేసుకుంటే చాలుననీ ఆయన చెప్పాడు. నేటా చెప్పిన మాట వినే మనిషి. ప్రతి శనివారం పొద్దున్నే పరగడుపున నిండు గ్లాసు నీళ్ళతో ఆ మాత్ర వేసుకుని, పడుకోకుండా, వంగకుండా, అరగంట నిటారుగా కుర్చీలో కూర్చునేది. మూడేళ్ళలో ఒక్క శనివారం కూడా తప్పలేదు. మూడో ఏడు కుడి తొడలో సలుపు మొదలైంది. నిలబడి చేసే పని కదా, ఉంటుందిలే అనుకుంది. క్లినిక్‌లో కూడా అలాగే అన్నారు.

అలా సలిపిన చోటే విరిగింది.

ఆసుపత్రిలో తొడ ఎముక లోపల పొడవాటి రాడ్డు వేసి మరలు బిగించారు. మూడు నెలల్లో అతుక్కోవాలి. ఆరు నెలలు గడిచినా ఎక్స్‌రేలో నల్లటి గీత అలాగే ఉంది. వాకర్ పట్టుకుని మంచం నుంచి వంటగదికీ, వంటగది నుంచి మంచానికీ తిరగడమే ఆమె లోకమైంది. భర్త కోర్నీ స్కూలు బస్సు నడుపుతాడు. పొద్దున ఒక తడవ, మధ్యాహ్నం ఒక తడవ. మధ్యలో ఇంటికొచ్చి రొట్టె కోసి, సాసేజీ వేయించి పెట్టేవాడు. వంట చేతకాని మగవాడి వంట. ఆమె అదే తినేది.

ఆపరేషన్ చేసిన సర్జన్‌కే అనుమానం వచ్చి, విన్నిపెగ్‌లో ఎముకల జబ్బులు చూసే డాక్టర్ రెనాటా హోమియాక్ దగ్గరికి పంపాడు. ఫిబ్రవరి నెల. రోడ్డుకి అడ్డంగా మంచు పొడి పాములా పాకుతోంది. కోర్నీ గంటన్నర సేపు కారు నడిపాడు.

డాక్టరమ్మ పొట్టిగా, తెల్లజుట్టుతో ఉంది. ఎక్స్‌రే కంటే ముందు నేటా నోటి వంక చూసింది.

"పళ్ళు మీవేనా?"

"కట్టుడు పళ్ళండి. ముప్పై నాలుగేళ్ళకే అన్నీ పోయాయి."

"పుచ్చిపోయా?"

"పుచ్చలేదు. ఊగి ఊగి ఊడిపోయాయి."

"చిన్నప్పుడు? పాలపళ్ళు ఎప్పుడు ఊడాయో గుర్తుందా? ఇంట్లో ఎవరైనా చెప్పారా?"

నేటాకి నవ్వొచ్చింది. వాళ్ళమ్మ అందరితో చెప్పి నవ్వే కథ అది. మూడేళ్ళ పిల్ల వెన్న రొట్టె కొరికితే ముందుపన్ను రొట్టెలోనే ఉండిపోయింది. పొద్దుతిరుగుడు గింజంత పొడుగుగా, వేరుతో సహా. ఆ ఏడాదే ఇంకో మూడు. పక్కింటివాళ్ళు నేటాని ముసలమ్మా అని పిలిచేవాళ్ళు. అదంతా చెప్పింది. డాక్టరమ్మ నవ్వలేదు, రాసుకుంది. తర్వాత పదకొండేళ్ళ రక్తపరీక్షల కాగితాలు బల్ల మీద పరిచి, ఒక్కోదాని మీద ఒకే చోట వేలు పెట్టి చూపించింది. ఎముక గట్టిపడడానికి ఒంట్లో ఉండవలసిన ఒక పదార్థం ప్రతిసారీ తక్కువగానే ఉంది. పక్కన తక్కువ అని చిన్న గుర్తు కూడా అచ్చయింది. అది ఎక్కువైతే అందరూ కంగారు పడతారని, తక్కువైతే ఎవరూ చూడరని ఆమె చెప్పింది. మీ ఎముకలు మామూలుగా గుల్లబారినవి కావు, పుట్టుకతోనే సరిగ్గా గట్టిపడనివి, ఆ శనివారం మాత్ర మీలాంటివాళ్ళకి పనికిరాదు, పైగా చెడుపు చేస్తుంది, ఇవాళ్టి నుంచీ ముట్టుకోవద్దు అంది.

మూడేళ్ళపాటు శనివారాలు నిటారుగా కూర్చున్నది నేటా కళ్ళముందు తిరిగింది.

"ఇంకొక్క ప్రశ్న," అంది డాక్టరమ్మ. "ఇది కుటుంబాల్లో నడిచే జబ్బు. మీ ఇంట్లోగాని, మీ దగ్గరివాళ్ళలోగాని పురిట్లోనే పోయిన పిల్లలున్నారా? తల మెత్తగా, కాళ్ళు చేతులు పొట్టిగా వంకరగా?"

నేటా కోర్నీ వంక చూడలేదు. అతను తన టోపీ లోపలి అంచు వేలితో తడుముతున్నాడు.

"లేరండి," అంది నేటా.

తిరుగు దారిలో కోర్నీ రేడియోలో గోధుమ ధరలు పెట్టుకున్నాడు. మోరిస్ ఊరు దాటాక ఆమె చెయ్యి చాచి రేడియో కట్టేసింది.

"నువ్వైనా చెప్పొచ్చుగా."

"నువ్వే లేరన్నావు. ఇంక నేనేం చెప్పను?"

*

పిల్లవాడి పేరు ఈజాక్. అప్పటికి నేటాకి ఇరవై రెండేళ్ళు. కాపురానికొచ్చి ఏడాదిన్నర. ఆ అక్టోబరులో మంచు తొందరగా పడుతుందన్నారు. పొలంలో తవ్విన బంగాళాదుంపలు బయటే ఉన్నాయి. మావగారు, కోర్నీ, మరుదులు అందరూ పొద్దుతిరుగుడు కోతలో ఉన్నారు. దుంపలు నేలమాళిగలోకి చేర్చు అని కోర్నీయే అన్నాడు. ఎనిమిదో నెల కడుపుతో నేటా రెండు రోజులపాటు సగం సగం బస్తాలు మెట్లు దించింది. నవంబరు చివర్లో పిల్లవాడు పుట్టాడు. చేతులు, కాళ్ళు పొట్టిగా, మోకాళ్ళ కింద విల్లులా వంగి ఉన్నాయి. తల పిండిముద్దలా మెత్తగా ఉంది. ఊపిరి ఎగబీల్చేవాడు. ఆసుపత్రిలో ఏదో పేరు చెప్పారో, అసలు చెప్పనేలేదో నేటాకి గుర్తులేదు. బతకడని మాత్రం చెప్పారు. తొమ్మిది రోజులు బతికాడు.

ఖననం అయ్యాక ఇంట్లో చుట్టాలందరూ కాఫీ తాగుతున్న చోట సారా ఆ మాట అంది. గట్టిగా కూడా అనలేదు. బస్తాలు మోసిందిగా, పిల్లవాడి ఎముకలు లోపలే నలిగిపోయాయి అంది. అంతమంది ఆడవాళ్ళలో ఒక్కరూ కాదనలేదు. మోయమన్నది నేనే అని కోర్నీ కూడా అనలేదు. మర్నాటికల్లా ఊరంతటికీ ఆ కారణమే కారణమైంది.

రెండేళ్ళ తర్వాత మళ్ళీ కడుపొచ్చింది. ఈసారి నేటా నీళ్ళ బకెట్టు కూడా ఎత్తలేదు. తొమ్మిది నెలలూ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని దుప్పట్లు కుట్టింది. టీనా పుట్టింది. నిండుగా, ఎర్రగా, గట్టిగా ఏడ్చే పిల్ల. చూశావా, మోయకపోతే ఎంత బాగా పుట్టిందో అంది సారా, మెచ్చుకుంటున్నట్టు. ఆ పిల్లని ఎత్తుకున్న ప్రతిసారీ నేటాకి తన తప్పుకి ఋజువు చేతుల్లో ఉన్నట్టుండేది. మళ్ళీ పిల్లలు వద్దనుకుంది. టీనా పెళ్ళి చేసుకుని బ్రాండన్ వెళ్ళిపోయింది. తనకంటే ముందొక అన్న ఉన్నాడని ఆమెకి తెలుసు. ఎలా పోయాడని ఎప్పుడూ అడగలేదు. నేటా చెప్పనూ లేదు.

ముప్పై రెండేళ్ళు గడిచాయి. విన్నిపెగ్ వెళ్ళొచ్చిన వారం తర్వాత, కోర్నీ మధ్యాహ్నం బస్సు తీసుకుని వెళ్ళాక, నేటా వంటగది బల్ల దగ్గర కూర్చుని డాక్టరమ్మ ఆఫీసుకి ఫోన్ చేసింది. ఫోను తీసిన నర్సుతో, మొన్న అబద్ధం చెప్పానంది. ఒక కొడుకు, ఈజాక్, తొమ్మిది రోజులు. నర్సు పేరులో అక్షరాలు అడిగి రాసుకుంది. తల ఎలా ఉండేదని అడిగింది.

"వేలితో నొక్కితే అక్కడ లొత్త పడేది," అంది నేటా. "టోపీ పెట్టాలన్నా నాకు భయమేసేది."

ఆ మాట ఆమె పైకి అనడం అదే మొదలు. నర్సు, ఫోన్ చేసి మంచిపని చేశారమ్మా అంది. ఫోన్ పెట్టేశాక నేటా వాకర్ పట్టుకుని లేవబోయి, మళ్ళీ కూర్చుండిపోయింది. కోర్నీ తిరిగొచ్చేసరికి చీకటి పడుతోంది. దీపం వెయ్యకుండా ఆమె అక్కడే ఉంది.

డాక్టరమ్మ ఇద్దరి రక్తమూ అడిగింది. నేటా ఇచ్చింది. కోర్నీ ఇవ్వనన్నాడు. ఎప్పుడో ముప్పై ఏళ్ళనాటి సంగతి ఇప్పుడు తవ్వితే ఎవరికి లాభమన్నాడు.

"నా ఎముకలకేమైంది? అరవై ఏళ్ళొచ్చినా ఎద్దులా ఉన్నా."

"ఎద్దుకి సూదంటే అంత భయమేంటి?"

"భయం కాదు నేటా."

"మరేంటి?"

అతను బయట మంచు ఎత్తిపోయడానికి పోయాడు. అప్పటికే ఎత్తిపోసిన దారే అది. ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది. అతనికి దేనికి భయమో ఆమెకి తెలుసు. నింద ఒకరి మీదున్నంతకాలం రెండోవాళ్ళు హాయిగా నిద్రపోవచ్చు. ఆ నిద్ర పోతుందని అతని భయం. మార్చి నెలంతా ఆ ఇంట్లో రొట్టె, వెన్న, వాతావరణం తప్ప వేరే మాట లేదు.

ఏప్రిల్ మొదట్లో ఒక గురువారం కోర్నీ పొద్దుటి తడవ ముగించుకుని ఆలస్యంగా ఇంటికొచ్చాడు. చొక్కా చెయ్యి మోచేతిపైకి మడిచి ఉంది. మోచేతి మడతలో దూది, దాని మీద పట్టీ. ఆమెకి కనబడేట్టు అలాగే మడిచి ఉంచుకుని కాఫీ పోసుకున్నాడు. ఆమె పంచదార ముక్కల డబ్బా అతని వైపు జరిపింది.

*

ఫలితాలు వచ్చేసరికి మే నెల చివరైంది. డాక్టర్ హోమియాక్ తెల్లకాగితం మీద రెండు గీతలు గీసి, వాటి కింద ఇంకో రెండు గీసి వివరించింది. ఈ లోపం నేటాలో ఇద్దరి నుంచీ వచ్చింది. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. వాటిలో ఒకటి మెత్తటిది, అంతగా హాని చెయ్యనిది గనక ఆమె బతికింది, పళ్ళతో, పాదాలతో బాధపడుతూ. రెండోది గట్టిది, ప్రాణం తీసేది. కోర్నీలో కూడా ఆ గట్టిది ఒకటుంది. ఒకటే ఉంటే మనిషికి ఏమీ కాదు. తెలియను కూడా తెలియదు. పిల్లవాడికి ఇటునుంచీ అటునుంచీ కూడా గట్టిదే వచ్చింది. అలా రెండూ పడడం ఎవరి చేతిలోనూ లేదు.

నేటా ఆ కాగితం వంక చాలాసేపు చూసింది.

"బస్తాలు మోస్తే అలా అవుతుందా?" అని అడిగింది.

"ఏం బస్తాలు?"

"దుంపల బస్తాలు. ఎనిమిదో నెలలో రెండు రోజులు మోశాను. లోపల పిల్లవాడి ఎముకలు నలుగుతాయా?"

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. కుర్చీ ముందుకి జరుపుకుని, ఆమె కళ్ళలోకి చూస్తూ, చిన్నపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. "నలగవమ్మా. మీరు పొలమంతా మోసినా నలగవు. మోయకుండా కూర్చున్నా వాడు అలాగే పుట్టేవాడు. బస్తాలకీ దానికీ ఏ సంబంధమూ లేదు."

కోర్నీ లేచి బయటికెళ్ళిపోయాడు. నడవలో మంచినీళ్ళ కుళాయి దగ్గర గోడకి మొహం పెట్టి నిలబడ్డాడని తర్వాత నర్సు చెప్పింది. నేటా ఏడవలేదు. ఆమెకి తేలిక కూడా అనిపించలేదు. ఎవరో తన ముప్పై రెండేళ్ళు ఎత్తుకుపోయి, ఇప్పుడొచ్చి పొరపాటున తీసుకెళ్ళామని చెప్పినట్టుంది. వాటిని ఎక్కడ వెతుక్కోవాలి?

ఆ సాయంత్రం కారు ఇంటి ముందు ఆగాక కోర్నీ దిగలేదు.

"మోయమన్నది నేను," అన్నాడు, స్టీరింగ్ వంక చూస్తూ.

"తెలుసు."

"ఆ రోజు అందరి ముందూ చెప్పాల్సింది."

"చెప్పాల్సింది," అంది నేటా. పర్వాలేదులే అన్న మాట నోటిదాకా అలవాటుగా వచ్చింది. దాన్ని మింగేసింది.

అత్తగారికి తానే చెప్తానంది. రెండు రోజుల తర్వాత కోర్నీ ఆమెని వృద్ధాశ్రమం దగ్గర దింపాడు. లోపలికి రాలేదు. సారా చక్రాల కుర్చీలో, ఒళ్ళో నల్ల శాలువాతో, ఎండ పడే చోట కూర్చుని ఉంది. వినికిడి తగ్గినా బుర్ర ఇంకా పాదరసంలా ఉండేది. నేటా వాకర్ పక్కన పెట్టి ఎదురుగా కూర్చుని, తెచ్చుకున్న మాటలన్నీ వరసగా చెప్పింది. ఇద్దరి రక్తంలోనూ ఉంది. బస్తాల వల్ల కాదు. మీ అబ్బాయి నుంచి సగం వచ్చింది, మీ అబ్బాయికి నీ నుంచో మావయ్య నుంచో వచ్చి ఉంటుంది.

సారా వింటూ శాలువా అంచు మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది.

"ఇద్దరు," అంది చివరికి.

"ఏం ఇద్దరు?"

"మెక్సికోలో, మేం ఇక్కడికి వలస రాకముందు. కోర్నీకంటే ముందు నాకు ఇద్దరు. ఒకడు పుట్టిన పూటే పోయాడు. రెండోది ఆడపిల్ల, నాలుగు రోజులుంది." గొంతులో తడి లేదు. పొలం సరిహద్దులు చెప్పినట్టు చెప్పింది. "అదే తల. అవే కాళ్ళు. మీ ఈజాక్ తల మీద చెయ్యి వెయ్యగానే నాకు తెలిసింది, వీడూ అంతేనని."

"తెలిసీ బస్తాలన్నావా అత్తా?"

"ఏదో ఒకటి అనకపోతే నా ఇద్దరి సంగతి నన్నడిగేవాళ్ళు. అక్కడ్నించి వచ్చినవాళ్ళు ఇంకా నలుగురైదుగురు బతికుండేవాళ్ళు అప్పటికి. మా అత్త నన్నేమందో నీకు తెలుసా? నేనేదో పాపం చేస్తే దేవుడు ఎముకలు లేని పిల్లల్ని ఇచ్చాడంది. ఏడేళ్ళు అంది. బస్తాలంటే నయం కదా. పనిచేసి పోగొట్టుకుందంటే ఎవరూ వెలివెయ్యరు."

"నయమా?"

"నాకప్పుడు నయంగానే తోచిందే."

నేటా చాలాసేపు లేవలేకపోయింది. కాలు వల్ల కాదు. ఆ ముసలావిడ మొహంలో పశ్చాత్తాపం కోసం వెతికింది. ఉందో లేదో తెలియలేదు. చెంచాతో తినిపించిన ఆ నోటినే అంత దగ్గరగా ఎన్నేళ్ళు చూసింది. లేచి, వాకర్ పట్టుకుని, వెళ్తున్నానని చెప్పకుండా బయటికొచ్చింది. కారులో కోర్నీకి రెండే రెండు వాక్యాల్లో చెప్పింది. అతను నమ్మనన్నాడు. మర్నాడు తల్లి దగ్గరికి ఒక్కడే వెళ్ళొచ్చాడు. వచ్చి, పెరట్లో నిలిపి ఉన్న ఖాళీ బస్సెక్కి, డ్రైవరు సీట్లో కాకుండా వెనక పిల్లల సీట్లో కూర్చుండిపోయాడు.

*

మందు రావడానికి ఆగస్టు దాకా పట్టింది. అంత ఖరీదైన మందు ప్రభుత్వం ఇవ్వాలంటే, ఆ జబ్బు చిన్నతనంలోనే మొదలైందని కాగితాల మీద ఋజువు చెయ్యాలి. నేటా వాళ్ళ అక్క డెబ్భై రెండేళ్ళ వయసులో పాలపళ్ళ సంగతి సంతకం పెట్టి రాసిచ్చింది. ఒంట్లో తక్కువైనదాన్ని బయటినుంచి ఇచ్చే సూది మందు అది. వారానికి మూడుసార్లు చర్మం కింద పొడవాలి. సోమవారం, బుధవారం, శుక్రవారం. నేటాకి తన ఒంట్లో తాను సూది గుచ్చుకోవడం చేతకాలేదు. నర్సు దగ్గర కోర్నీ నేర్చుకున్నాడు. పెద్ద చేతులు. మొదటి నెలంతా నేటాయే అతని మణికట్టు పట్టుకుని సూది దింపించేది. సూది పొడిచిన చోటల్లా ఎర్రగా పొంగి, తర్వాత గట్టి కణితిలా మిగిలేది. పొట్టా తొడలూ మచ్చలు పడిపోయాయి. ఒకసారి అతను మచ్చల మధ్య చోటు వెతుకుతూ, నన్ను క్షమించావా అని అడిగాడు. సూది చేతిలో పెట్టుకుని అడుగుతావేంటి అంది ఆమె. ఇద్దరూ కొంచెం నవ్వారు. ప్రశ్న ప్రశ్నలాగే ఉండిపోయింది.

టీనా రక్తం కూడా పరీక్ష చేశారు. ఆమెలో ఒకటుంది, మెత్తటిది. అల్లుడిలో లేదు. టీనా బ్రాండన్ నుంచి వచ్చి తల్లి పక్కన మంచం మీద పడుకుని అన్న గురించి అడిగింది. ఏ రంగు కళ్ళమ్మా అంది. నేటా చెప్పింది. ఒక మధ్యాహ్నమంతా చెప్పింది.

డిసెంబరులో ఎక్స్‌రేలోని నల్ల గీత మీద తెల్లగా పొగలాంటిది కనబడింది. ఎముక అతుక్కుంటోందన్నారు. అదే నెలలో సారా మంచాన పడింది. కోర్నీ రోజూ వెళ్ళేవాడు. నేటా మే నెల తర్వాత అప్పటిదాకా వెళ్ళలేదు. క్రిస్మస్ ముందు ఒక్కసారి వెళ్ళింది. సారా ఆమెని గుర్తుపట్టలేదు. ఎవరో ఆనా అనుకుని, జావ పెట్టమంది. నేటా గిన్నె తీసుకుని మూడు చెంచాలు పెట్టింది. నాలుగోది ఎత్తలేకపోయింది. ఆయాని పిలిచి గిన్నె ఆమె చేతికిచ్చి వచ్చేసింది. జనవరిలో సారా పోయింది.

ఖననం తర్వాత చర్చి నేలమాళిగలో ఎండుద్రాక్ష బన్నులు, జున్ను, కాఫీ పెట్టారు. పొడుగాటి బల్ల దగ్గర ఆడవాళ్ళు సారా గురించి చెప్పుకుంటున్నారు. ఏడుగురిని కని ఏడుగురినీ ఒడ్డున వేసిన తల్లి అన్నారొకరు.

"తొమ్మిదిమంది," అంది నేటా.

బల్ల చుట్టూ కప్పులు ఆగాయి. నేటా చేతికర్ర కుర్చీకి ఆనించి, గొంతు పెంచకుండా చెప్పింది. మొదటి ఇద్దరూ మెక్సికోలో పోయారు. నా మొదటివాడు పోయినట్టే పోయారు. దాన్ని తెచ్చింది పాపమూ కాదు, బస్తాలూ కాదు. రక్తంలో వస్తుంది, పరీక్ష ఉంది, ఇప్పుడు మందు కూడా ఉంది. చర్చి పెద్దల ఇంటి ఆవిడ ఒకతె, ఇవాళ కాదమ్మా నేటా, చనిపోయినావిడ మీద ఇవాళ ఈ మాటలెందుకంది. ఇంకెప్పుడు చెప్పాలో మీరే చెప్పండి, ఆ రోజే వస్తానంది నేటా. కాసేపటికి కాఫీ మళ్ళీ మొదలైంది కాని, నేటా పక్క కుర్చీ ఖాళీ అయింది.

బయట కారు దగ్గర ఒక అమ్మాయి వెనకే వచ్చింది. జస్టీనా. సారా చెల్లెలి మనవరాలు, ఇరవై నాలుగేళ్ళది. కోటు బొత్తాలు పట్టనంత కడుపు. స్కానింగులో పిల్లవాడి కాళ్ళు పొట్టిగా ఉన్నాయన్నారని, మళ్ళీ చూస్తామన్నారని, ఇంట్లో అత్తగారికి ఇంకా చెప్పలేదని అంది. చెప్తున్నంతసేపూ చేతి తొడుగులు పిండుతూనే ఉంది.

"నేను పోయిన నెల మంచు మీద జారి పడ్డాను పెద్దమ్మా. దానివల్లే అయిందేమో?"

"కాదు," అంది నేటా. "ఎవరన్నా అలా అంటే నా దగ్గరికి పంపించు." అక్కడే, కారు బానెట్ మీద కాగితం పెట్టి, డాక్టరమ్మ నంబరు రాసిచ్చింది.

మార్చిలో జస్టీనాకి కొడుకు పుట్టాడు. వాడికీ రెండు వైపుల నుంచీ గట్టిదే వచ్చింది. పుట్టిన మొదటిరోజే సూది మొదలుపెట్టారు. నాలుగు నెలలు గొట్టాలతో ఊపిరి ఆడించారు. రెండుసార్లు పోయాడనుకున్నారు. రెండు వారాలకోసారి కోర్నీ నేటాని విన్నిపెగ్ తీసుకెళ్ళేవాడు. ఆమె పుల్లటి సొరెల్ ఆకుల సూపు డబ్బాలో పోసి జస్టీనాకి పట్టుకెళ్ళేది. అద్దం అవతల ఆ పిల్లవాడిని చూసినప్పుడు నేటాకి సంతోషమేసేది. దాని వెనకే, చెప్పుకోవడానికి సిగ్గుపడేంత కడుపుమంట. ఇదే సూది, ముప్పై మూడేళ్ళ కింద ఎవరి బుర్రలోనూ లేదు. ఆ సంగతి ఆమె డాక్టరమ్మతో ఒక్కదానితోనే చెప్పింది. డాక్టరమ్మ కాదనలేదు.

నవంబరులో పిల్లవాడు ఇంటికొచ్చాడు. ఆ వారమే నేటాకి ఎడమ పాదంలో మరో ఎముక చిట్లింది. మందు తొడని అతికించింది గాని అన్నిటినీ కొత్తవి చెయ్యలేదు. చెయ్యదని డాక్టరమ్మ ముందే చెప్పింది. వంటగది ఉద్యోగానికి మళ్ళీ వెళ్ళే ఆశ లేదు. కాలికి మోకాలిదాకా ప్లాస్టిక్ బూటు వేసుకుని సోఫాలో కూర్చుని ఉండగా జస్టీనా వచ్చింది. పిల్లవాడి ముక్కు దగ్గర ఇంకా సన్నటి గొట్టం ఉంది.

"ఎత్తుకుంటావా పెద్దమ్మా? భయమేస్తే వద్దులే."

"లేవలేను. ఒళ్ళో పెట్టు," అంది నేటా.

కోర్నీ గదిలోకి రాలేదు. గుమ్మం దగ్గరే టోపీ పట్టుకుని నిలబడ్డాడు. రమ్మని నేటా పిలవలేదు. పొమ్మనీ అనలేదు. పిల్లవాడు ఆమె బొటనవేలు పట్టుకుని లాగాడు, ఊహించినదానికంటే గట్టిగానే.